పరగడుపు నెత్తురు తీసే చేతులు

ఎముకలు గుల్లబారినవారికి మందు పనిచేస్తోందో లేదో ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో తేలాలంటే ఏడాది, రెండేళ్లు ఆగాలి. రక్తంలోని సీటీఎక్స్ 3 నుంచి 6 నెలల్లోనే చెబుతుంది. అది ఎముక అరుగుదలకు గుర్తు. అలెండ్రోనేట్ మాత్రలు సరిగా వాడితే తగ్గుతుంది. అయితే తిండి తిన్నా, పొద్దెక్కినా కూడా తగ్గుతుంది. అందుకే సీటీఎక్స్ అంకెకు విలువ తెచ్చేది ల్యాబ్ టెక్నీషియన్ పనితనమే. "టీ కూడా తాగలేదు కదమ్మా?" అని ఆమె అడిగి, పరగడుపునే, ప్రతిసారీ అదే వేళకు రక్తం తీస్తుంది. సన్నబడిన నరాన్ని వేలికొసతో తడిమి పట్టుకుంటుంది. ఊదామూత ట్యూబు నింపి, మెల్లగా తిరగేసి కలిపి, టైము రాస్తుంది. డాక్టరు నిర్ణయానికి ఆధారం ఈ శ్రద్ధే. ఈ పరీక్షకు వెళ్లేవాళ్లు ఏమీ తినకుండా వెళ్లండి; ఆమె పనికి మీరిచ్చే గౌరవం అదే.