జ్ఞానులు ఎవరి పెట్టెలు విప్పిరి?

ఓ హెన్రీ అను అమెరికా కథకుడు వ్రాసిన "ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై", అనగా జ్ఞానుల కానుక అను కథ, 1905 డిసెంబరు 10వ తేదీన న్యూయార్కు పత్రిక యొకదానిలో మొదట అచ్చుపడినది. క్రిస్మసు వచ్చినప్పుడెల్ల దానిని మెచ్చుకొనువారు పలువురు. నేనును మెచ్చుకొందును. అయితే డిసెంబరు మాసమున కొల్లూరు ప్రాంతపు ఇండ్లలో జరుగు తగవులను ఎరిగిన కాపరిగా దానిని మరియొకసారి పరీక్షించి చదువవలెనని తోచినది.

కథ చిన్నది. జిమ్ము, డెల్లా భార్యాభర్తలు. అతని జీతము వారమునకు 30 డాలర్లనుండి 20కి పడిపోయినది. అందులో 8 డాలర్లు ఇంటి అద్దె. కూరగాయలవానితోను మాంసపు కొట్టువానితోను గీచి గీచి బేరమాడి డెల్లా మిగిల్చినది 1 డాలరు 87 సెంట్లు. ఆమె తన జుట్టును 20 డాలర్లకు అమ్మి, భర్త గడియారమునకు 21 డాలర్ల గొలుసు కొన్నది. అతడు ఆ గడియారమునే అమ్మి ఆమె జుట్టునకు దువ్వెనలు తెచ్చినాడు. వీరే నిజమైన జ్ఞానులని రచయిత తీర్పు చెప్పుచున్నాడు.

ఆ తీర్పును నేను సగమే ఒప్పుకొందును. జిమ్మునకు కొత్త పైకోటు కావలెననియు, చేతులకు తొడుగులు లేవనియు రచయితయే వ్రాసినాడు. చలికాలపు న్యూయార్కులో తొడుగులు లేని చేతులకు గొలుసేమి చేయును? ఒక వారపు జీతమునకు మించిన సొమ్ము దానికి పోయినది. ముందురాత్రి ఇద్దరును కూర్చుండి మాటలాడుకొని యుండినయెడల కథ పుట్టకపోవును గాని తొడుగులు వచ్చి యుండును. (లెక్కల విషయమున రచయితయు దెబ్బతిన్నవాడే. బ్యాంకు సొమ్ము అపహరించెనను నేరముపై 1898లో శిక్షపడి, 1901 వరకు చెరలో నుండెను.)

మన ఇండ్లలో తగవు వేరు. ధాన్యపు సొమ్ము చేతికి రాకముందే పండుగ వచ్చును. కౌలు చెల్లించవలెను, ఎరువుల కొట్టు బాకీ తీర్చవలెను. పిల్లలకు కొత్తబట్టలు, ఆడపడుచుకు చీర, అల్లునికి బట్టలు, ఇంటిమీద నక్షత్రము, పిండివంటలు, గుడిలో కానుక. ఇంతకు మించరాదని నవంబరులో ఇద్దరును అనుకొందురు. తెనాలి బట్టల కొట్టులో ఆ మాట నిలువదు. "మీ చెల్లికి నిరుటికంటె తక్కువ చీర ఎట్లు పెట్టుదుమండీ, నలుగురిలో నా మొగమే గదా చిన్నబోవును" అని ఆమె. "నీ తమ్మునికి ఫోను కొన్ననాడు ఈ లెక్క ఏమైనది?" అని అతడు. పిదప ఆమె చెప్పకుండ డ్వాక్రా అప్పులోనుండి తీయును, అతడు చెప్పకుండ వడ్డీకి తెచ్చును. బడి ఫీజు కట్టవలసిననాడు రెండును బయటపడును. ఆ పూట ఆ ఇంట ప్రార్థనకు ఎవరును మోకరింపరు.

డెల్లా జిమ్ముల గొప్పతనము నాకు ఇక్కడ కనబడుచున్నది. ఆమె అమ్మినది తన జుట్టు. అతడు అమ్మినది తాతనుండి తండ్రికి, తండ్రినుండి తనకు వచ్చిన గడియారము. ఇంటి అద్దెను ముట్టలేదు. ఒకరి సొత్తును మరియొకరు తాకట్టు పెట్టలేదు. మత్తయి సువార్త రెండవ అధ్యాయములోని జ్ఞానులును విప్పినది తమ పెట్టెలనే. (వారు ముగ్గురని నాటకములలో వేయుదుము గాని మత్తయి లెక్క చెప్పలేదు.) అయితే వారు బంగారమును సాంబ్రాణిని బోళమును ఒకరికొకరు ఇచ్చుకొనలేదు, బదులు పెట్టలేని శిశువునకిచ్చిరి. రచయిత పోలిక ఇచ్చటనే కుంటుచున్నది.

కథ చివర జిమ్ము నవ్వి, ఈ కానుకలను కొన్నాళ్లు దాచిపెట్టుదమని చెప్పి, మాంసము పొయ్యిమీద పెట్టుమనుచున్నాడు. నాతో చెప్పక ఎందుకు చేసితివని ఇద్దరిలో ఎవరును అడుగలేదు. అడిగి యుండవలసినదా, కాదా? సంఘ కూటములలో ఈ కథ చదువువారు అచ్చట ఆగి, భార్యాభర్తలచేతనే ఆ సంగతి మాటలాడింపవచ్చును. అదియు నవంబరులోనే, తెనాలి ప్రయాణమునకు ముందు.