ఏడు ప్రశ్నార్థకాల ఊరు

ఈ వారం చేతికొచ్చిన ఒక సభ్యుల జాబితా చూసి ఒళ్లు మండింది. పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి గనక బతికిపోయాయి. తెలుగులో ఉండాల్సిన ఊరి గడిలో మాత్రం వరసగా ప్రశ్నార్థకాలు. అడిగితే కంప్యూటర్ చూసే కుర్రాడు తడుముకోకుండా ‘ఫాంటు లేదండీ’ అన్నాడు. మనవైపు కంప్యూటర్‌కి ఏ రోగమొచ్చినా ఫాంటు మీదకే తోస్తారు.

ఫాంటు మాటెత్తితే నేనెవరి మీదకు వెళ్తానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ‘అను’ ఫాంటు మీదకే. గుడివాడలోనైనా బందరులోనైనా శుభలేఖ దగ్గర్నుంచి ఎన్నికల కరపత్రం దాకా డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి కొట్టింది అందులోనే. తెర మీద తెలుగు, లోపల ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. ఆ ఫైల్లో గుడివాడ అని వెతికితే గుడివాడ దొరకదు. యూనికోడ్ అలా కాదు, 1991లో మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. అక్షరానికో సంఖ్య, గుణింతం గుర్తుకో సంఖ్య, పొల్లుకో సంఖ్య. ఫాంటు దాని మీద తొడిగే చొక్కా. అవనిగడ్డ నుంచి శాసనసభకు వెళ్లి, 1975లో విద్యామంత్రిగా హైదరాబాద్‌లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరిట సిలికానాంధ్ర ‘మండలి’ ఫాంటును ఉచితంగా ఇచ్చింది. చొక్కా మార్చినా లోపలి మాట మారదని నా వాదన. ఇన్నేళ్లుగా అదే పాట.

మరి ఈ ప్రశ్నార్థకాలేమిటి? ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో పాత పద్ధతి వార్‌చార్ గడి ఒక కోడ్‌పేజీకి, అంటే ఒక పరిమిత అక్షరాల పట్టికకు, కట్టుబడి ఉంటుంది. విండోస్‌లో తెలుగుకు అలాంటి కోడ్‌పేజీయే లేదు. ఎన్‌వార్‌చార్ గడి పెట్టాలి, కమాండులో తెలుగు మాట కొటేషన్‌కు ముందు పెద్ద ఎన్ రాయాలి. ఆ ఒక్క ఎన్ మరిచారా, ప్రతి సంకేతమూ ఒక ప్రశ్నార్థకం. గద్దింపు లేదు, హెచ్చరిక లేదు. బుద్ధిగా సేవ్ అవుతుంది.

గుడివాడకు గుణింతాలతో కలిపి ఏడు సంకేతాలు. పామర్రుకూ ఏడే. అవనిగడ్డకు ఎనిమిది, నాగాయలంకకూ ఎనిమిదే. ఘంటసాల, కోడూరు చెరో ఆరు. ఇప్పుడు ఎన్ లేకుండానే గుడివాడవాళ్లను వెతకండి. అడిగిన మాట కూడా ఏడు ప్రశ్నార్థకాలై, పామర్రువాళ్లంతా వచ్చి వరసలో నిలబడతారు. కుర్రాడేమో ‘సెర్చ్ పనిచేస్తోందిగా’ అంటాడు. ఎన్ పెట్టి వెతికితే ఒక్కరూ రారు. మండలి ఫాంటు పెడితే ప్రశ్నార్థకాలు కాస్త అందంగా కనిపిస్తాయి, అంతే.

నా పాత పగకు ఇక్కడే చిక్కొచ్చింది. అను ఫైలు ఎంత గజిబిజిగా ఉన్నా లోపలి బైట్లు చెక్కుచెదరవు. కన్వర్టర్ వేసి, తేడా వచ్చిన ఒత్తులు చేత్తో దిద్దుకుంటే ఏనాటి శుభలేఖైనా యూనికోడ్‌లోకి వచ్చేస్తుంది. ఏడు ప్రశ్నార్థకాలిచ్చి ఇది గుడివాడో పామర్రో తేల్చమంటే ఏ కన్వర్టరూ తేల్చలేదు. సగం తెలిసిన యూనికోడ్ కంటే అను నూరుపాళ్లు నయం.

డీటీపీ సెంటర్లవారూ, పాత అను ఫైళ్లు పారేయకండి. జాబితాలు కంప్యూటర్‌కెక్కించే బాబులూ, ముందు గుడివాడ ఒకటి, పామర్రు ఒకటి ఎక్కించి, గుడివాడను వెతికి చూడండి. రెండూ వచ్చినా, ఒక్కటీ రాకపోయినా పని అక్కడే ఆపండి. ఊళ్లు మళ్లీ ఎక్కించాలంటే సభ్యులిచ్చిన కాగితం దరఖాస్తులే దిక్కు, వాటిని మాత్రం పాత పేపర్లవాడికి వేయకండి.