ముఖేడ్ సీమ ప్రాచీన నిర్మాణములు: జీర్ణోద్ధరణ విమర్శ

నాందేడు జిల్లా దక్షిణ భాగమున ముఖేడ్ పట్టణము కలదు. అందు దశరథేశ్వరుడను పేర వెలసిన శివాలయము కళ్యాణి చాళుక్యుల కాలపు శిల్పరీతికి చెందిన నల్లరాతి కట్టడము. దాని వెలిగోడలమీది స్త్రీమూర్తులను చూచినవారెవ్వరును దానిని సామాన్యమైన ఊరిగుడి యనజాలరు. ఐనను తెలుగున వెలువడిన ఆలయచరిత్రలలో ఈ పేరు కనబడుట మిక్కిలి అరుదు. కారణమును వెదకుటకు దూరము పోనక్కరలేదు. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు భాగములై విడిపోయినపుడు నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమున కలిసెను. దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లును, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీరు సర్కిళ్లును మాత్రము ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. నాడు గీచిన గీత పరిపాలనకు గీచినది. దానిని మన పరిశోధకులు చరిత్రకు గూడ గీతగా గైకొనిరి. ఎం. రాధాకృష్ణశర్మగారు 1972లో తమ గ్రంథమునకు 'టెంపుల్స్ ఆఫ్ తెలింగాణ' అని పేరుపెట్టి తమ విషయమునకు హద్దు నిర్ణయించుకొనిరి. అది గ్రంథకర్తకు తగిన పనియే. కాని వారి తరువాతివారు ఆ హద్దును దాటిచూడకపోవుట మాత్రము మెచ్చదగినది కాదు.

ఇట్లనుటచే ముఖేడ్ గుడి తెలుగువారిదని వాదించుట నా యుద్దేశము కాదు. ఈ సీమలో చాళుక్యుల కాలపు శాసనములు విశేషముగా కన్నడమున ఉన్నవి. అర్చించువారు నేడు మరాఠీ మాటలాడుదురు. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు ప్రాంతములలో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా ఉన్నవి. మరాఠీ దేశమంతట రాతిపని, మట్టిపని చేయు వడ్డెరలు ఇంటిలో మాటలాడు వడరి తెలుగునకు మాండలికమే. కాగా ఒక రాతికట్టడమును గూర్చి శాసనము ఒక భాష, పూజ ఒక భాష, పనివాని మాట ఒక భాష అగుట ఇచ్చట వింత కాదు. ఇట్టి కట్టడమును ఎవరిదని అడుగుట వ్యర్థము. ఎవరు చూచుకొందురని అడుగుట ప్రయోజనకరము.

పేరులను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. మహారాష్ట్రమున నల్లరాతి గుడి ఏది కనబడినను 'హేమాడపంతీ' యనుట వాడుక. హేమాద్రి పండితుడు దేవగిరి యాదవులైన మహాదేవ, రామచంద్రుల కడ 13వ శతాబ్ది ఉత్తరార్ధమున మంత్రిగా నుండెను. కళ్యాణి చాళుక్యుల కట్టడములు అతనికి నూరు, రెండునూర్ల యేండ్లు ముందటివి. మనము నవ్వుటకు ముందు మన అలవాటును గూడ తలచుకొనవలెను: గోదావరికి ఈవల రాతిగుడి కనబడినచో 'కాకతీయుల నాటిది' యని మన పల్లెలలో చెప్పని వారెవరు? ఇది పండితుల తగవుగా తోచును గాని కాదు. పేరు తప్పైనచో మరమ్మతు తప్పగును. విరిగిన శిఖరమును ఏ రీతిని నిలుపవలెను, పడిపోయిన స్తంభమునకు బదులు ఏ మలపు చెక్కవలెను అను ప్రశ్నలకు పనివాడు ఆ పేరును పట్టుకొనియే సమాధానము వెదకును. ఇరువది క్రోసుల దూరమున నున్న వేరొక కాలపు గుడి అతనికి నమూనా యగును. కట్టడము నిలుచును, సాక్ష్యము చెడును.

ఇక జీర్ణోద్ధరణమును గూర్చి. ఈ శబ్దము మన సంప్రదాయమున గౌరవమైనది. శాసనములలో ఖండస్ఫుటిత జీర్ణోద్ధారమునకై భూములిచ్చిన దాతలెందరో కలరు. శిథిలమును విడిచిపెట్టుట పుణ్యమని మన పెద్దలెవ్వరును తలపలేదు. కావున గుడికి రంగు వేసిన భక్తుని, పలకలు పరపించిన దాతను పురావస్తు శాఖవారు శత్రువులవలె చూచుట నాకు సమ్మతము కాదు. వారు లేకున్నచో అనేక ఆలయములు పశువుల కొట్టములై యుండెడివి. కాని పూర్వపు ఉద్ధరణమునకు, నేటి ఉద్ధరణమునకు వస్తువు వేరైనది. చిక్కంతయు అచ్చటనే కలదు.

పూర్వము గోడకు సున్నము కొట్టెడివారు. సున్నపు పొరలు శిల్పపు రేఖలను మూసివేయుట నిజమే. కాని సున్నము గాలిని, తడిని రాకపోకలు చేయనిచ్చును. ఓపికతో గీకినచో క్రింద శిల్పము చెడకుండ బయటపడును. నేడు పూయు నూనెరంగు అట్టిది కాదు. అది రాతి రంధ్రములను మూయును. నేలనుండి ఎగబ్రాకిన తడి బయటికి పోజాలక లోపలనే నిలిచి, అందలి లవణములు గట్టిపడి, రాతిపై పొరను ఊడదీయును. సిమెంటు సంగతియు ఇంతే. ఈ గుడులలో చాలవరకు రాయి రాతిపై బరువుచేతనే నిలిచినది. సందులలో కొంచెము కదలికకు తావుండును. ఆ సందులను సిమెంటుతో బిగించినచో, కదలవలసినపుడు కదలలేక రాయియే చీలును. లోపల పెట్టిన ఇనుపకమ్మి త్రుప్పుపట్టి ఉబ్బినచో కలుగు హాని అంతకు మించినది. కళ్లకు వెంటనే కనబడని ఇంకొక హాని కలదు: ప్రాంగణమున ఏటేట మట్టి పోసి, రాయి పరచి, దానిపై నునుపు పలకలు పరచుటచే నేలమట్టము పెరిగి, ఉపానము, కుముదము మొదలగు అధిష్ఠానపు క్రిందివరుసలు భూమిలోనికి పోవును. గుడి పొట్టిదగును. చూచువారు 'పూర్వులు ఇంతే కట్టిరి' యనుకొందురు.

దాతల పలకలను గూర్చి కొందరు పరిహాసము చేయుదురు. 2024 చివర దెగ్లూరు తాలూకాలోని హొట్టల్ గ్రామమున, రాష్ట్ర పురావస్తు శాఖవారి పనిలో, మరియొక శివాలయపు పునాదియు, క్రీ.శ. 1070 ప్రాంతమున ఆ ఆలయమునకు దానమిచ్చినవారిని తెలుపు మూడు శాసనములును బయల్పడినవి. తొమ్మిదినూర్ల యేండ్ల నాటి దాతపేరు మనకు చరిత్ర. నిన్నటి దాతపేరు మనకు వేళాకోళము. ఇది న్యాయము కాదు. పలక ఉండుట తప్పు కాదు, చెక్కడపు గోడకు మేకులు దిగగొట్టి నిలుపుట తప్పు. హొట్టల్ సిద్ధేశ్వరాలయమును ఈ శాఖవారే బాగుచేసిరి. పడిన రాళ్లను పోల్చుకొని తిరిగి తమ తావులలో నిలుపు ఈ పద్ధతి ముఖేడ్ సీమకు పొరుగుననే ఉన్న పాఠము. చూపి నేర్పదగిన దృష్టాంతము చేరువలో నుండగా దూరదేశపు సూత్రములను వల్లించుట ఎందులకు?

గుడులను గూర్చి ఇంత చెప్పినను, ఊరి రూపమును నిర్ణయించునవి ఇండ్లు. ఈ సీమలో రాయి, మట్టి కలిపి కట్టిన మందపు గోడలు, టేకు దూలములు, పైన మందముగా మట్టి పరచిన మిద్దెలు ఉండెడివి. మరాఠీవారు ఈ మిద్దెను మాళవద మందురు. సంపన్నుల వాడాలు, గడీలు గూడ ఈ పద్ధతినే హెచ్చించి కట్టినవి. వేసవిలో చల్లన, చలికాలమున వెచ్చన. ఇవి యెందుకు మాయమగుచున్నవని అడుగువారు 1993 సెప్టెంబరు 30వ తేదీ వేకువను మరువరాదు. లాతూరు జిల్లాలోని కిల్లారి భూకంపమున వేలకొలది జనులు నిద్రలోనే మరణించిరి. వారిలో అధికులను చంపినవి బరువైన ఆ మిద్దెలు, బురదతో పేర్చిన ఆ రాతిగోడలే. ఏబది రెండు గ్రామములు క్రొత్తతావులకు తరలింపబడెను. ఆనాటినుండి మరాఠ్వాడాలో రాతియిల్లు అనగానే భయము. సిమెంటు పైకప్పు అనగానే అభయము. బిడ్డలను పోగొట్టుకొన్నవారి యెదుట వాస్తుసౌందర్యమును గూర్చి ప్రసంగించుటకు ఎవ్వరికిని నోరు రాదు, రారాదు.

ఐనను విమర్శకుడు ఇచ్చట నిలిచి ఒకటి చూడవలెను. దోషము రాతిది కాదు. గోడ లోపలివరుస, వెలుపలివరుస వేరువేరుగా లేచి, రెంటిని కలిపి పట్టు పొడవురాళ్లు లేకపోవుటయు, ఏటేట మట్టి పోసి మిద్దె బరువు పెంచుటయు, దూలములు గోడతో కట్టుబడకపోవుటయు దోషము. భూకంపానంతరము ప్రభుత్వము చేపట్టిన మరమ్మతు కార్యక్రమమున ఇంజనీర్లే ఈ మాట చెప్పిరి: గోడ వెడల్పంతయు వ్యాపించునట్లు రాళ్లు చొప్పించి, పైన పట్టీ కట్టి, మట్టిని తగ్గించినచో పాతయిల్లు నిలుచును. ఆ ఉపాయమును స్వీకరించినవారు కొలదిమంది. చేతికందిన సొమ్ముతో క్రొత్తగా ఒక సిమెంటు గది వేసికొన్నవారే ఎక్కువ. భయపడినవానికి శాస్త్రము కంటె కంటికి కనబడు క్రొత్తదనము ధైర్యమిచ్చును. తరలిన గ్రామములలో వీధులు సైనికుల శిబిరములవలె వరుసలు తీరినవి. వాడా లోపలి చౌకు, ఇరుగుపొరుగుల అరుగు వాటిలో చేరలేదు. గోడల బలమును లెక్కించినవారు అరుగును లెక్కించుట మరచిరి.

ఇప్పుడు ముఖేడ్ తాలూకాకు ప్రత్యేకమైన సంగతికి వచ్చుచున్నాను. మంజీరకు ఉపనదియైన లెండిపై ఈ తాలూకాలో అంతర్రాష్ట్ర ప్రాజెక్టు కలదు. దాని నీరు ముఖేడ్, దెగ్లూరు పొలములకే గాక గీతకు ఈవల మద్నూరు, జుక్కల్ పొలములకు గూడ ఉద్దేశింపబడినది. అనగా ఆ నీటిలో తెలుగునేలకు పాలు కలదు. కావున ఆ నీటిక్రింద మునుగు దానితో మనకు సంబంధము లేదనుట చెల్లదు. 1980వ దశకమున మొదలైన ఈ పని నాలుగు దశాబ్దములు సాగినది. ముక్రమాబాదు మొదలగు ఊళ్లు అన్ని యేండ్లును ముంపు నీడలోనే బ్రతికినవి. రేపు మునుగుననుకొన్న ఇంటికి నేడు ఎవడు క్రొత్త దూలము వేయును? గుడి పైకప్పు కారినచో ఎవడు చందా ఎత్తును? నీరు రాకముందే నిరీక్షణ ఆ కట్టడములను కూల్చుచుండును. 2025 ఆగస్టు 17, 18 తేదీల నడిరేయి వరదలో హస్నాళ్, రావణగావ్ మొదలగు గ్రామములు మునిగి ప్రాణనష్టము కలిగినపుడు సైన్యమును పిలువవలసివచ్చెను. అట్టి సమయమున ప్రాణమే మొదటిది. రాతిని గూర్చి మాటలాడుటకు అది వేళ కాదు. వేళ అంతకు పూర్వపు నలుబది యేండ్లు.

ముంపును ఎదుర్కొనిన అనుభవము తెలుగువారికి లేకపోలేదు. నాగార్జునకొండ త్రవ్వకములు 1954 నుండి 1960 వరకు సాగి, నిర్మాణములు కొన్ని దీవిపై, కొన్ని అనుపునందు తిరిగి నిలుపబడెను. శ్రీశైలము ప్రాజెక్టు నీటికి కూడవెల్లి సంగమేశ్వరాలయమును, పాపనాశి ఆలయములను రాతికి రాయి సంఖ్య వేసి విప్పి అలంపురమునకు చేర్చిరి. ఆ పని గొప్పది. ఒక లోటును మాత్రము దాచరాదు: కృష్ణా తుంగభద్రల కూడలిని బట్టి పేరు పొందిన దేవుడు నేడు కూడలి లేనిచోట సంగమేశ్వరుడై యున్నాడు. శిల్పము వచ్చినది, స్థలము రాలేదు. ఇంతైనను తరలించుటయే సరియని నా యభిప్రాయము. నీటి అడుగున నున్న స్థలముకంటె ఒడ్డున నున్న శిల్పము మేలు. కాని అచ్చట తరలినవి ఖ్యాతి గల గుడులు. లెండి ముంపు గ్రామములలో నున్నవి ఊరి హనుమంతుని గుడి, దర్గా, చావడి, వీరగల్లు, వాడా ద్వారబంధము వంటివి. ఏ జాబితాకును ఎక్కనివి. 2013 నాటి భూసేకరణ చట్టపు మూడవ అనుసూచి క్రొత్త గ్రామమునకు ప్రార్థనాస్థలము, రచ్చచెట్టు తిన్నె ఇవ్వవలెనని చెప్పుచున్నది. ఆ మాట వ్రాసినవారు ఊరి మనసెరిగినవారే. ఐనను అది ఇవ్వవలసినవాటి పట్టిక గాని, వెంట తీసికొనిపోవలసినవాటి పట్టిక కాదు.

రక్షిత కట్టడముల చట్టములు ఈ లోటును పూరింపజాలవు. 1958 నాటి కేంద్రచట్టమునకు 2010లో చేసిన సవరణచే రక్షిత కట్టడమునకు నూరు మీటర్లలోపల క్రొత్తకట్టడము నిషిద్ధము, ఆవల రెండునూర్ల మీటర్లు నియంత్రితము. ఉద్దేశము మంచిది. ఫలితమేమనగా, తన గుడి జాబితాకెక్కినచో తన యింటికి గది వేసికొనుట కష్టమని పొరుగువాడు భయపడి, దాని ప్రాచీనతను గూర్చి మౌనము వహించును. కట్టడమును కాపాడవలసిన ఊరే దానిని దాచవలసివచ్చుట చట్టము కోరని ఫలము.

కావున జాబితాకు ముందు వర్ణన కావలెను. కొలతలు, నకళ్లు, ఛాయాచిత్రములు, ఊరివారు ఆ కట్టడమునకు చెప్పు పేరు, దానిని బాగుచేసిన పనివాని పేరు: వీటికి అనుమతి పత్రము అక్కరలేదు, కోట్ల ధనము అక్కరలేదు. 1914లో ఏర్పడి గులాం యజ్దానీగారి నాయకత్వమున పనిచేసిన హైదరాబాదు పురావస్తు శాఖకు ఈ సీమయంతయు ఒకే క్షేత్రమై యుండెను. నేడు రెండు రాష్ట్రముల శాఖలు రెండు భాషలలో రెండు నివేదికలు వ్రాయుచున్నవి. ఉభయభాషలు తెలిసినవారు దెగ్లూరు, బిలోలి తెలుగు కుటుంబములలోనే ఉన్నారు. ఉలిదెబ్బను చూచి పనిముట్టు చెప్పగల వడ్డెర వృద్ధులు ముఖేడ్ బజారులోనే దొరకుదురు. ఇటువంటి సంచికలకు వ్యాసములు కోరు మన సంఘములు, వచ్చు వేసవిలో లెండి నీరు తగ్గినపుడు ఇద్దరు విద్యార్థులను, ఒక కొలతపట్టీని, ఒక కెమెరాను ముక్రమాబాదునకు పంపగలిగినచో, మిగిలియున్న ద్వారబంధములనైనను లెక్కింపవచ్చును.