చదువరి లేని ప్రక్రియ: ఔత్సాహిక రచయితల లఘుచిత్ర స్క్రీన్‌ప్లేలు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో నాటకానికి రెండు జీవితాలున్నాయి. ఒకటి రంగస్థలం మీద, రెండోది పుస్తకంలో. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా మారిన రూపంతో మళ్లీ వెలువడింది. ఆ నాటకాన్ని ఆద్యంతం రంగస్థలం మీద చూసినవారి కంటే పుస్తకంలో చదివినవారే ఎక్కువని చెప్పడం అతిశయోక్తి కాదు. సినిమా కోసం రాసిన రచనకు మాత్రం ఈ రెండో జీవితం దాదాపుగా లేదు. చిత్రీకరణ ముగియగానే రాతప్రతి పని తీరిపోతుంది. ముళ్లపూడి వెంకటరమణ వంటి రచయితలు తీర్చిన 'వెండితెర నవల' పాఠకాదరణ పొందినప్పటికీ, అది సినిమా తరువాత పుట్టిన కథనరూపమే గాని సినిమాకు ముందున్న రచన కాదు.

ఈ లోటు నిడివి గల చిత్రాల కంటే లఘుచిత్రాల విషయంలో ఎక్కువ నష్టం కలిగిస్తున్నది. కొత్త రచయితలు తొలి అడుగు వేసేది అక్కడే. వారి స్క్రీన్‌ప్లేలు పరస్పరం చదువుకునే వీలు, వాటిలో మేలైనవాటిని గుర్తించే మార్గం ఏ మేరకు ఉన్నాయి, లేకపోవడం వల్ల ఎవరు నష్టపోతున్నారు అన్నవి ఈ వ్యాసం పరిశీలించే అంశాలు.

'చిత్రానువాదం' – మాటలోనే ఉన్న చిక్కు

పాత తెలుగు చిత్రాల టైటిళ్లలో స్క్రీన్‌ప్లేకు 'చిత్రానువాదం' అనే మాట కనిపిస్తుంది. అనువాదం అన్నప్పుడు దానికి ముందు ఒక మూలం ఉండాలి. కథ మూలం, దాన్ని బొమ్మల్లోకి మార్చడం అనువాదం అన్న భావన ఈ మాట వెనుక ఉంది. నవలలనూ పురాణగాథలనూ తెరకెక్కించిన కాలానికి ఆ పేరు సరిపోయింది. మొదటి నుంచే దృశ్యంగా ఊహించి రాసిన పది పుటల రచనకు అది సరిపోదు. అక్కడ మూలమూ రచనే, రూపమూ రచనే.

కథ, మాటలు, స్క్రీన్‌ప్లే అని విడివిడిగా పేర్లు వేసే సంప్రదాయం మరొక అపోహకు దారితీసింది. సినిమా రచన అంటే ప్రధానంగా మాటలు రాయడమే అన్నది ఆ అపోహ. సత్యజిత్ రాయ్ 1964లో రాసి తీసిన 'టూ' అనే లఘుచిత్రాన్ని దీనికి సమాధానంగా చూడవచ్చు. అందులో సంభాషణ లేదు. మేడలో ఆటబొమ్మల మధ్య ఉన్న సంపన్నుల పిల్లవాడు కిటికీలోంచి బయట వేణువు ఊదుతున్న పేదపిల్లవాణ్ని చూస్తాడు. వేణువుకు పోటీగా బొమ్మబూర, ఎదుటివాడి ఆటవస్తువుకు పోటీగా మరింత ఖరీదైన ఆటవస్తువు వస్తాయి. చివరకు గాలిపటాన్ని కూల్చడానికి తుపాకీ వస్తుంది. ఇంత జరిగాక కూడా బయటినుంచి వేణునాదం మళ్లీ వినిపిస్తుంది. ఈ చిత్రంలో రచన అంటే సంఘటనల వరుస, వస్తువుల ఎంపిక, ఏ చర్యకు ఏ చర్య బదులు అన్న నిర్ణయం. ఒక్క మాట లేకపోయినా ఇది సంపూర్ణమైన రచన.

నాటిక నడిచిన దారి

లఘుచిత్రానికి తెలుగులో అత్యంత సన్నిహితమైన పూర్వరూపం నాటిక. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు, ఆ తరువాత పలు ఊళ్లలో వెలసిన పరిషత్తులు పోటీల ద్వారా కొత్త రచయితలకు వేదికయ్యాయి. 'ఎన్.జి.ఓ.' నాటకంతో పేరు పొందిన ఆచార్య ఆత్రేయ, రంగస్థల, రేడియో రచనల నుంచి 1964లో 'డాక్టర్ చక్రవర్తి' ద్వారా చిత్రరంగంలో ప్రవేశించిన గొల్లపూడి మారుతీరావు, 'కొడుకు పుట్టాల' నాటిక రాసిన గణేష్ పాత్రో ఈ దారిన వచ్చినవారే.

ఈ దారిలో గమనించవలసిన విశేషం ఒకటుంది. నాటిక రచయిత నటుడో దర్శకుడో కానక్కరలేదు. ఒక ఊరి సమాజం ఆడిన నాటికను మరొక ఊరి సమాజం రాతప్రతి తెప్పించుకుని ఆడేది. ప్రదర్శన బాగోలేకపోయినా రచన బాగుందని చెప్పడానికి వీలుండేది, ఎందుకంటే అదే రచన మరొకచోట బాగా ఆడేది. ప్రదర్శనకూ రచనకూ మధ్య ఉన్న ఈ ఎడమే రచయితకు ప్రత్యేక గుర్తింపునిచ్చింది.

లఘుచిత్రం ఈ ఎడాన్ని చెరిపేసింది. ఒక స్క్రీన్‌ప్లే ఒక్కసారే చిత్రమవుతుంది. ఆ చిత్రం సరిగా రాకపోతే రచన కూడా దానితోపాటే మరుగున పడుతుంది.

గుర్తింపు ఎవరికి?

గత దశాబ్దంన్నర కాలంలో లఘుచిత్రాల నుంచి తెలుగు చిత్రరంగానికి చెప్పుకోదగిన ప్రతిభ వచ్చిన మాట వాస్తవం. 'పెళ్లిచూపులు' (2016) తీసిన తరుణ్ భాస్కర్, 'కలర్ ఫొటో' (2020) తీసిన సందీప్ రాజ్ లఘుచిత్రాలతో మొదలైనవారు. ఈ రెండు చిత్రాలూ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందాయి. 'పెళ్లిచూపులు'కు సంభాషణల విభాగంలోనూ జాతీయ పురస్కారం లభించింది. వీరిద్దరూ రచయితలే, దర్శకులు కూడా. తమ రచనను తామే తెరకెక్కించి చూపగలిగారు.

దీన్నిబట్టి లఘుచిత్రం దర్శక రచయితను వెలికితీసే సాధనమైందే గాని, కేవలం రచయితను వెలికితీసే సాధనం కాలేదని తేలుతున్నది. కెమెరా, నటులు, ఎడిటింగ్ సౌకర్యం, వాటికి కావలసిన డబ్బు, రాత్రివేళ చిత్రీకరణకు బయట తిరగగల స్వేచ్ఛ ఉన్నవారి రచనలే లోకానికి తెలుస్తున్నాయి. చిన్న ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ రాసే వ్యక్తికి, ఇంటి బాధ్యతల మధ్య రాసే స్త్రీకి ఈ సౌకర్యాలు అరుదు. కథ రాసినవారికి పత్రిక ఉంది, కవిత రాసినవారికి సంకలనం ఉంది, నాటిక రాసినవారికి పరిషత్తు ఉంది. పది పుటల స్క్రీన్‌ప్లే రాసినవారికి దాన్ని చదివే ఒక్క మనిషి దొరకడం కూడా కష్టం. ప్రక్రియలోకి ప్రవేశం రచనాశక్తి మీద కాక వనరుల మీద ఆధారపడటం సాహిత్య విమర్శ పట్టించుకోవలసిన విషయం.

చదవడం వల్ల తెలిసేవి

స్క్రీన్‌ప్లే నిర్మాణానికి ఒక నమూనా మాత్రమే, చదవడానికి ఉద్దేశించినది కాదన్న అభ్యంతరం ఉంది. అందులో కొంత నిజముంది. నాటకంలో సంభాషణే చాలావరకు భారం మోస్తుంది కాబట్టి పాఠకుడికి పట్టు దొరుకుతుంది. స్క్రీన్‌ప్లేలో స్థలం, సమయం, కదలిక పొడి వాక్యాల్లో ఉంటాయి. వాటిని బొమ్మకట్టుకుంటూ చదవడానికి అభ్యాసం కావాలి. అయితే ఆ పొడి వాక్యాల్లోనే రచయిత శక్తి బయటపడుతుంది. ఈ చర్చ కోసం కల్పించిన రెండు ఖండికలను పోల్చి చూడవచ్చు.

మొదటిది: "సూరయ్య చాలా పేదవాడు. పట్నంలో చదువుతున్న కొడుకు గురించి దిగులుపడుతూ, తన కష్టం ఎవరికీ చెప్పుకోలేక బస్టాండులో కూర్చున్నాడు."

రెండోది: "బస్టాండు. సాయంత్రం. సూరయ్య జేబులోని చిల్లర అరచేతిలో పోసుకుని లెక్కపెడతాడు. మళ్లీ లెక్కపెడతాడు. బస్సు వచ్చి ఆగుతుంది. కండక్టర్ పిలుస్తాడు. సూరయ్య తల అడ్డంగా ఊపి, కొత్త పుస్తకాల కట్ట భుజానికెత్తుకుని రోడ్డు వెంట నడుస్తాడు."

మొదటి ఖండిక కథకు తగిన వాక్యాలతో ఉంది. పేదరికం, దిగులు, చెప్పుకోలేకపోవడం అందులో సమాచారాలే, తెర మీద కనిపించేవి కావు. రెండో ఖండికలో పేదరికం అన్న మాటే లేదు. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టడంలో అది ఉంది. కొడుకు ప్రస్తావన లేదు, పుస్తకాల కట్టలో అతడున్నాడు. 'మళ్లీ లెక్కపెడతాడు' అన్నదాన్ని విడి వాక్యంగా నిలపడం వల్ల అక్కడ ఎంతసేపు ఆగాలో దర్శకుడికి చెప్పకుండానే చెప్పినట్లయింది. ఇది శైలీ విమర్శకు తగిన విషయమే.

రాతప్రతిని చదవడం లోపాలను కూడా పట్టిస్తుంది. ఔత్సాహిక రచనల్లో తరచుగా కనిపించే చివరి మలుపునే తీసుకోవచ్చు. చిత్రంలో నేపథ్య సంగీతం, నటన ఆ మలుపుకు బలమిస్తాయి. కాగితం మీద ఆ ఆసరా ఉండదు. మలుపు తెలిసిన తరువాత రెండోసారి చదివినప్పుడు ముందరి దృశ్యాలకు కొత్త అర్థం వస్తే అది నిర్మాణం. రాకపోతే అది గారడీ. పాత్ర మనసును స్వగతంగా వినిపించే నేపథ్య కథనం కూడా చాలాసార్లు దృశ్యం చేయలేని పనికి అతుకుగానే వస్తుంది. ఒక పుట సుమారు ఒక నిమిషం అన్న వాడుక లెక్క ప్రకారం పది నిమిషాల చిత్రానికి పది పుటలు. కొద్ది నిమిషాల్లో చదివి, మూడు నాలుగుసార్లు తిరగరాయగల పరిమాణమది. తీసిన తరువాత తెలిసే తప్పుకు మూల్యం డబ్బు, రాసినప్పుడే తెలిసే తప్పుకు మూల్యం మరికొంత శ్రమ మాత్రమే.

దొంగతనమనే భయం

రాసినది ఇతరులకు చూపడానికి కొత్త రచయితలు వెనుకాడటానికి ప్రధాన కారణం కథ పోతుందన్న భయం. అది నిరాధారం కాదు. కాని చట్టం దేనిని కాపాడుతుందో తెలుసుకుంటే ఆ భయం రూపం మారుతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద రచనకు రక్షణ అది రూపొందడంతోనే వస్తుంది, నమోదు తప్పనిసరి కాదు. నమోదు సాక్ష్యంగా ఉపకరిస్తుంది.

ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మైలురాయి. తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని నిర్మాతలకు చదివి వినిపించిన తరువాత 'న్యూ ఢిల్లీ' చిత్రం వచ్చిందని నాటకకర్త వాదించారు. ప్రాంతీయ దురభిమానం అన్న ఇతివృత్తం రెండింటిలో ఉన్నప్పటికీ నిర్వహణ వేరని కోర్టు భావించింది. భావానికి, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదని, వాటి వ్యక్తీకరణకే ఉంటుందని స్పష్టం చేసింది.

ఈ సూత్రాన్ని తెలుగు చిత్రరంగపు అలవాటుతో కలిపి చూడాలి. ఇక్కడ కథ చెప్పడం ప్రధానంగా మౌఖికం. ఎదురుగా కూర్చుని గంటలో వినిపించే కథలో భావం ఎక్కువ, స్థిరమైన వ్యక్తీకరణ తక్కువ. చట్టం రక్షించని అంశమే అక్కడ బయటపడుతుంది. దృశ్యాల వరుసతో, మాటలతో, తేదీతో ఉన్న రాతప్రతిలో రక్షణకు తగిన వ్యక్తీకరణ ఉంటుంది. రచయిత భయపడవలసింది రాసి చూపడానికి కాదు, రాయకుండా చెప్పడానికి. భావాన్ని ఎవరైనా తీసుకోవచ్చునన్న ప్రమాదం అచ్చువేసినా మిగిలే ఉంటుంది. కాని లఘుచిత్రం బలం భావంలో కంటే నిర్వహణలోనే ఎక్కువ. పైన చూపిన సూరయ్య ఉదాహరణలో 'పేద తండ్రి' అన్న భావం అందరిదీ. రెండుసార్లు లెక్కపెట్టిన చిల్లర ఆ రచనది.

ఉపసంహారం

లఘుచిత్ర స్క్రీన్‌ప్లేకు సాహిత్య ప్రక్రియగా గుర్తింపు రావాలంటే మూడు పనులు అవసరమని ఈ పరిశీలన సూచిస్తున్నది. మొదటిది, సాహిత్య పత్రికలు నాటికలను ప్రచురించినట్లే చిత్రీకరణ జరగని స్క్రీన్‌ప్లేలను కూడా ప్రచురించడం. రెండోది, ఒకే స్క్రీన్‌ప్లేను వేర్వేరు విద్యార్థి బృందాలు చిత్రీకరించే అభ్యాసాన్ని రంగస్థల, చలనచిత్ర శాఖలు చేపట్టడం. నాటికకు ఊరూరి సమాజాలు ఇచ్చిన బహుజీవితం దీనివల్ల లఘుచిత్రానికి దక్కుతుంది, రచన బలమేదో దర్శకత్వ బలమేదో విడిగా తెలుస్తుంది. మూడోది, రాతప్రతిని రాతప్రతిగానే విశ్లేషించే విమర్శ పరిభాషను తెలుగు శాఖలు రూపొందించడం. 'చిత్రానువాదం' కంటే తగిన పేరు వెదకడంతోనే ఆ పని మొదలుకావచ్చు.

ఈ మూడింటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. కొన్ని పుటల స్థలం, కొందరు పాఠకుల సమయం చాలు. కెమెరా లేనివారి రచన కూడా సాహిత్య చరిత్రలో నమోదు కావడానికి అది తొలి అవసరం.