తక్కువైతేనే మెరిట్

నక్షత్రంలాంటి కాంతి బిందువును ఏ లెన్సూ బిందువుగా చూపలేదు. ఎంతో కొంత మచ్చగానే చూపుతుంది. లెన్సు నాణ్యత లెక్క ఆ మచ్చతోనే మొదలవుతుంది. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్వాల్ పోర్ట్రెయిట్ లెన్సును చేతి లెక్కలతోనే రూపొందించాడు. ఆస్ట్రియా ఫిరంగి దళంలో లెక్కలు వచ్చినవారు ఆయనకు సాయపడ్డారు. ఇప్పుడా పని కంప్యూటరుది. కాకపోతే దానికి బొమ్మ కనిపించదు, ఒక్క అంకె కావాలి. ఆ అంకెనిచ్చే సూత్రం పేరు మెరిట్ ఫంక్షన్. పేరులో మెరిట్ ఉన్నా నిజానికది తప్పుల మొత్తం. ఎంత తగ్గితే అంత మంచిది.

అందరూ ముందు పట్టుకునేది మచ్చ సైజునే. ప్రతి కిరణం మచ్చ కేంద్రానికి ఎంత దూరంలో పడిందో చూసి, ఆ దూరాల వర్గాల సగటుకు వర్గమూలం తీస్తారు. లెక్క తేలికే కానీ, మోసం చేస్తుంది. ఒక లెన్సులో కిరణాలు మచ్చంతా సమంగా పరుచుకోవచ్చు. ఇంకోదానిలో ఎక్కువ భాగం నడుమ చిక్కగా చేరి, కొన్ని దూరంగా చెదరవచ్చు. రెండింటికీ ఒకే అంకె రావచ్చు. సన్నని గీతలను విడదీసి చూపడంలో రెండోదే మెరుగు. అయినా దూరాన్ని వర్గం చేయడంతో కంప్యూటర్ ఆ చెదిరిన నాలుగు కిరణాల వెంటే పడుతుంది. పైగా లెక్కకు తీసుకున్న కిరణాలు మరీ తక్కువైతే, వాటిని మాత్రం సరిచేసి మధ్యలో ఉన్నవాటిని గాలికొదిలేస్తుంది.

మచ్చను తగ్గించుకుంటూ పోవడానికీ హద్దుంది. ఎఫ్/8 దగ్గర, 0.55 మైక్రాన్ల ఆకుపచ్చ కాంతికి, ఏ దోషమూ లేని లెన్సు కూడా వివర్తనం (అంచుల దగ్గర కాంతి వంగి పరుచుకోవడం) వల్ల సుమారు 10.7 మైక్రాన్ల వ్యాసమున్న వెలుగు బిళ్లనే ఇస్తుంది. కిరణాల మచ్చను అంతకన్నా బాగా కుదించినా దక్కేది స్వల్పమే. అక్కడి నుంచి కొలవాల్సింది తరంగాగ్రపు వంకరను, అంటే కాంతి తరంగపు ముందు అంచు ఉండాల్సిన ఆకారం నుంచి ఎంత తప్పిందన్నది. దాని వర్గ సగటు మూలం తరంగదైర్ఘ్యంలో 14వ వంతుకు మించకపోతే, మచ్చ నడిమి వెలుగు ఆదర్శ లెన్సు ఇచ్చేదానిలో సుమారు 80 శాతానికి తగ్గదు. మారెషాల్ పేరుతో ఉన్న ఈ కొలబద్దనే నేటికీ వాడుతున్నారు.

కొనేవారు అడిగేది మాత్రం కాంట్రాస్టు: మిల్లీమీటరుకు 50 జతల నలుపు-తెలుపు చారలు ఎంత స్పష్టంగా కనిపిస్తాయని. దానినే మొదటి నుంచీ లక్ష్యంగా పెట్టడం తొందరపాటు. దోషాలు ఎక్కువగా ఉన్నప్పుడు ఆ కాంట్రాస్టు సున్నాకు పడి, నలుపు తెలుపులు తారుమారై మళ్లీ లేస్తుంది. ప్రోగ్రామ్ తప్పు దారిన పోవచ్చు. అందుకే మచ్చతో మొదలుపెట్టి, తరంగాగ్రం మీదుగా, చివరిలో కాంట్రాస్టుకు వస్తారు.

బొమ్మ నడిమికెంత, మూలలకెంత, ఏ రంగుకెంత బరువు ఇవ్వాలన్నది మనిషి నిర్ణయం. అసలు నేర్పంతా ఇక్కడే. గాజు మందానికి హద్దులు పెట్టడం మరిచిపోతే, అంచు మందం సున్నాకన్నా తక్కువగా ఉన్న లెన్సును కూడా కంప్యూటర్ మంచి మార్కులతో అప్పగిస్తుంది.