చిన్న లెన్సు – పెద్దమ్మ నవ్వు

పెద్దమ్మ పోయిన పదకొండో రోజున, చాగలమర్రిలో ఆవిడ మంచం మీదే రెండు ఫోటోలు పరుచుకుని కూర్చున్నాం అందరం. గోడకి ఏది తగిలించాలన్నది తగువు. రెండూ నేను తీసినవే. మధ్య ఏడాది తేడా. కెమెరా ఒకటే, లెన్సులు వేరు.

మొదటిది, ఉన్నమాట చెప్పాలంటే, దిట్టమైన ఫోటో. చీర అంచులో పోగులు లెక్కపెట్టొచ్చు. చెవికమ్మల మెరుపు, నుదుటి మీద గీతలు, వెనక నాపరాళ్ళ గోడ మసకబారిన తీరు... పరీక్ష పెడితే నూటికి తొంభై మార్కులు. అందులో పెద్దమ్మ మాత్రం లేదు! రేషన్ కార్డు కోసం కూర్చోబెట్టిన మనిషి ఎవరో ఉంది.

తప్పు ఆవిడది కాదు. నేను పట్టుకెళ్ళింది 24 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా తిరిగే పెద్ద జూమ్ లెన్సు. కెమెరా కాక, ఆ రకం లెన్సులే చాలావరకు ముప్పావు కిలో నుంచి కిలో దాకా తూగుతాయి. "ఏందిమే, మొగం మీదికి ఆ చెంబు పెట్టి నవ్వమంటే నవ్వు యాడ్నించి వచ్చాది?" అంది పెద్దమ్మ. అంతకన్నా మంచి విమర్శ ఆ లెన్సు మీద నేనింతవరకూ చదవలేదు.

అంగడికి వెళితే మనం అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంత దూరం లాగుతుంది? ఎంత ఖరీదు? నా చేతిసంచిలో పడుతుందా అని అడగం. ఒక చేత్తో కుచ్చెళ్ళు పట్టుకుని మెట్లెక్కుతూ రెండో చేత్తో తిప్పగలనా అని అడగం. ఆ వారమే ఎగువ అహోబిలం వెళ్ళి జ్వాలా నృసింహస్వామి దారి పట్టాను. అరగంటకే మెడ లాగి, కెమెరా సంచిలోకి వెళ్ళింది. తక్కిన కొండంతా సెల్ ఫోనుతోనే! బయటికి తీయని లెన్సు గొప్పదనం, బీరువాలో మగ్గే కంచిపట్టు గొప్పదనం లాంటిదే కదూ?

ఆడవాళ్ళకి బరువు మోయడం రాదని కాదు నా వాదం. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హొమాయ్ వ్యారావాలా (1913–2012) చీర కట్టుకునే స్పీడ్ గ్రాఫిక్ లాంటి బండ కెమెరా మోసింది. ఆవిడ దగ్గర రోలీఫ్లెక్స్ కూడా ఉండేది. దాన్ని నడుము దగ్గర పట్టుకుని, పైనుంచి తల వంచి చూస్తారు. అంటే ఎదుటి మనిషికి మన ముఖం కనిపిస్తూనే ఉంటుంది. 1947–48లో ఇక్కడికొచ్చి గాంధీగారి చివరి రోజుల్నీ అంతిమయాత్రనీ చిత్రించిన ఫ్రెంచివాడు కార్టియర్ బ్రెస్సన్‌ది మరో దారి. చేతిలో ఇమిడే లైకా, ఎక్కువగా 50 మిల్లీమీటర్ల లెన్సు. కెమెరా తళతళలు ఎవరి కంటా పడకుండా నల్ల టేపు చుట్టేవాడు! ఇద్దరూ ఎదుటివాళ్ళ బెదురు తగ్గించే పనిముట్లు పట్టారు.

మరుసటి ఏడు నేనూ 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సే పట్టుకెళ్ళాను. ఈ రకంలో 200 గ్రాములకి లోపు తూగేవి కూడా దొరుకుతాయి. నా పెద్ద లెన్సు 2.8 దాకా తెరుచుకుంటే ఇది 1.8 దాకా తెరుచుకుంటుంది. అంటే రెండింతలకి పైగా వెలుతురు లోపలికొస్తుంది. మిద్దె గవాచిలోంచి పడే ఆ కాస్త వెలుగే చాలింది.

దీనికీ లోపం లేకపోలేదు. జూమ్ కాదు కనుక మనమే ముందుకీ వెనక్కీ నడవాలి. పెళ్ళి మంటపంలో కాలు కదపడానికి చోటు లేక నిలబడ్డవాడికి పెద్ద జూమే దిక్కు. వాణ్ణి నేను తప్పుపట్టను. పెద్దమ్మ మొత్తం ఫోటోలో పట్టాలని నేనూ వెనక్కి జరిగి, జరిగి, బోర్లించిన గిన్నెల మీద పడ్డాను. గిన్నెలన్నీ దొర్లిపోయాయి. పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. పడ్డచోటునుంచే మీట నొక్కాను. రెండో ఫోటో అదే. చెయ్యి కదిలిపోయి మసకగా ఉంది. పెద్ద లెన్సయి ఉంటే నేను కూర్చున్నచోటు నుంచి కదిలేదాన్నే కాదు!

అందుకే చెబుతున్నా. లెన్సు కొనేముందు కెమెరాకి తగిలించి, అంగట్లోనే పది నిమిషాలు మెడలో వేసుకుని తిరగండి. రోజూ మోసే సంచిలో పెట్టి చూడండి. ఆ తర్వాత పక్కనున్నవాళ్ళ వైపు తిప్పి, వాళ్ళ ముఖం బిగుసుకుందో లేదో గమనించండి. ఈ మూడో పరీక్ష ఏ కంపెనీ కాగితంలోనూ ఉండదు.

ఇంతకీ తగువు ఏమైందంటారా? అన్న మొదటిదే అన్నాడు. "దీంట్లో చెయ్యి సరిగ్గా పళ్ళేదు" అని రెండోదాన్ని పక్కకి నెట్టాడు.

వదిన దాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "నవ్వేటప్పుడు అత్త చెయ్యి ఎన్నడు కుదురుగా ఉన్నింది గనక?" అంది.

గోడ మీద ఇప్పుడున్నది రెండోదే.