పరుగుకు నాలుగు రోజులు, బలానికి రెండు

గుండెకు, ఊపిరితిత్తులకు పరుగు మంచిది. కండకు, ఎముకకు బరువు మంచిది. ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు రెండింటినీ విడివిడిగానే అడిగాయి. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థంగానో, 75 నుంచి 150 నిమిషాలు గట్టిగానో ఒళ్లు వంచాలి. దానికి తోడు కనీసం రెండు రోజులు కండ బలానికి కసరత్తు చేయాలి.

లేపాక్షి చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు ఈ రెండూ పనిలోనే కలిసి వచ్చేవి. బావి నీళ్లకు కపిల తోలడం, శెనక్కాయ చెట్లు పెరకడం, మూటలు ఎత్తడం, బిందెలు మోయడం, సంతకు నడిచి వెళ్లి రావడం అన్నీ ఒంటి మీదే జరిగేవి. ఇప్పుడు నీళ్లు బోరు మోటారు తోడుతోంది, దుక్కి ట్రాక్టరు దున్నుతోంది, సంతకు బైకు తీసుకెళ్తోంది. కుర్రకారు హిందూపురం ఫ్యాక్టరీల్లో నిలబడో, బెంగళూరు ఆఫీసుల్లో కూర్చునో పని చేస్తోంది. మిగిలిన కూలి పని కూడా ఒంటికి సమంగా అందదు. రోజంతా నడుం వంచి చేసే కలుపు తీత నడుమును అలసటకు గురిచేస్తుందే గానీ, దానికి బలాన్ని పెంచదు. పెరికే కాలంలో పొద్దుగూకే దాకా చేనిలో ఉన్న మనిషికి పరుగు కన్నా నిద్రే అవసరం. కసరత్తు అవసరం పడేది పని తగ్గినవాళ్లకు, పని లేని నెలలకు.

పరుగు మెల్లగా సాగాలి. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు, రెండు మాటలకే ఆయాసం వస్తే వేగం ఎక్కువైనట్టు. ఈ నెమ్మది వేగంలోనే కండల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకునే శక్తి వస్తుంది, మరుసటి రోజు మళ్లీ పరుగెత్తే ఓపిక మిగులుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ కాలి మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. గుండె కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది గానీ, స్నాయువులకు, ఎముకలకు నెలలు పడుతుంది. కొత్తవాళ్లకు మోకాలు, పిక్క నొప్పులు రావడానికి ముఖ్య కారణం ఈ తేడాయే. కాబట్టి ఆదివారం ఒక్కసారే పది కిలోమీటర్లు లాగడం కన్నా, వారంలో నాలుగు రోజులు అరగంట చొప్పున పరుగెత్తడం మేలు. మొదట్లో రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడకగా మొదలుపెట్టవచ్చు. అమెరికాలో 55,137 మందిని సగటున 15 ఏళ్లు గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 5 నుంచి 10 నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తినవాళ్లలో కూడా అసలు పరుగెత్తనివాళ్ల కన్నా మరణాలు తక్కువగా కనిపించాయి.

అయితే పరుగు భుజాలను, వీపును, చేతి పట్టును కాపాడదు. ముప్పై దాటాక కండ కొద్దికొద్దిగా తరుగుతుంది, అరవై దాటాక ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా లేవలేకపోవడం, జారితే నిలదొక్కుకోలేకపోవడం దాని ఫలితాలే. పోయిన బలం ఏ వయసులోనైనా కొంత తిరిగి వస్తుంది. సుమారు తొంభై ఏళ్ల వయసున్న వృద్ధులతో ఎనిమిది వారాలు బరువులు ఎత్తించిన ఒక చిన్న ప్రయోగంలో వాళ్ల కాళ్ల బలం రెట్టింపు దాటిందని 1990లో అమెరికా వైద్య పత్రిక ఒకటి ప్రచురించింది.

తెలుగువాళ్లకు బల సాధన కొత్తది కాదు. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామమూర్తి నాయుడు గత శతాబ్దం తొలినాళ్లలో దేశమంతా పేరు పొందిన మల్లయోధుడు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. పల్లెల్లో దండీలు, బస్కీలు, గుండు ఎత్తే పోటీలు పెద్దవాళ్లకు తెలిసినవే. కాకపోతే పండగ నాడు ఏడాదికోసారి గుండు ఎత్తడం బలానికి పరీక్ష మాత్రమే, సాధన కాదు. వందల కొద్దీ బస్కీలు తీయడం వల్ల ఓపిక పెరుగుతుంది గానీ, ఒక హద్దు దాటాక బలం పెరగదు. బలం పెరగాలంటే బరువు పెరగాలి. జిమ్ లేని ఊళ్లో ఇసుక నింపిన సంచి సరిపోతుంది. దాన్ని ఎదకు హత్తుకుని బస్కీలు, నడుం నిటారుగా ఉంచి నేల మీంచి ఎత్తడం, దండీలు, మెట్టు మీద నిలబడి మడమలు లేపడం, సంచిని నడుం దాకా లాగడం అనే ఐదు పనులు చాలు. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు చేయాలి. చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి. పన్నెండు సార్లు సులువైతే సంచిలో ఇంకో కిలో ఇసుక పోయాలి.

రెండింటినీ కలిపేటప్పుడు మోతాదు ముఖ్యం. 1980లో అమెరికా పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ పది వారాల ప్రయోగం చేశాడు. బరువులు, ఓపిక కసరత్తు రెండూ దాదాపు రోజూ గట్టిగా చేసినవాళ్లకు మొదటి వారాల్లో బలం బాగానే పెరిగింది, చివరికొచ్చేసరికి ఆగి తగ్గుముఖం పట్టింది. బరువులు మాత్రమే ఎత్తినవాళ్ల బలం పెరుగుతూనే పోయింది. పోటీలకు వెళ్లని మనిషి దీన్నుంచి తెలుసుకోవలసింది ఒక్కటే. పరుగు నెమ్మదిగా ఉంటే బరువులకు కాళ్లలో సత్తువ మిగులుతుంది. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో 30 నుంచి 40 నిమిషాల పరుగు, మంగళ, గురువారాల్లో అరగంట బల సాధన, ఆదివారం విశ్రాంతి అన్నది చాలామందికి కుదిరే పద్ధతి. ఒకే రోజు రెండూ చేయాల్సి వస్తే ముందు బరువులు ఎత్తి, పరుగు సాయంత్రానికి ఉంచుకోవాలి.

లేపాక్షి చుట్టూ ఉన్న ఈ మెట్ట నేలలో వేళ కూడా చూసుకోవాలి. మార్చి నుంచి జూన్ దాకా ఎండ ముదరక ముందే, పొద్దున ఆరు లోపు పరుగు ముగించాలి. రోడ్డున వాహనాలకు ఎదురుగా, అంచున పరుగెత్తాలి. చీకటిలో లేత రంగు చొక్కా వేసుకోవాలి. తిండి కోసం దూరం వెళ్లనక్కర్లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చొప్పున సూచించింది. బరువులెత్తేవాళ్లకు ఇంకొంత కావాలి. రాగి సంగటిలో ప్రోటీన్ తక్కువ. పక్కన ఉలవచారుకు బదులు ఉడికిన ఉలవలే తినడం, గుప్పెడు శెనక్కాయలు, గుడ్డు, పెరుగు ఆ లోటు తీరుస్తాయి.

బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. అరవై అయిదు దాటినవాళ్లు వారానికి మూడు రోజులు ఒంటికాలి మీద నిలబడడం వంటి నిలకడ కసరత్తు కలుపుకోవాలి. ఒక వారంలో ఒక్కటే కుదిరితే, పరుగు అలవాటున్నవాళ్లు బరువులను, బరువుల అలవాటున్నవాళ్లు పరుగును ఎంచుకోవాలి. ముందుగా జారిపోయేది ఇష్టం లేని కసరత్తే, ముసలితనంలో కొరతగా తేలేదీ అదే.